తిన్నది నేను, పెరిగింది మంగత్తయ్య

మా మేనత్త మంగతాయారు బరువు ముప్ఫై ఎనిమిది కిలోలు. రికార్డుల ప్రకారం రెండు వందల పద్నాలుగు. ఈ తేడాలో ఒక్క కిలో కూడా ఆవిడ తిన్నది కాదు. నేనూ, మా ఆఫీసు వాళ్లూ తిన్నది.

మాది గోదావరి పక్కన ఒక ఊళ్లో ఫారముల ముద్రణ, సరఫరా కార్యాలయం. ఏ శాఖకు ఏ ఫారం కావలసినా మేమే అచ్చువేసి పంపిస్తాం. మనిషి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా మా చేతి మీదుగా పోవలసిందే. ఇంత ముఖ్యమైన పని నిలబడి చేస్తే కుదరదు. అందువల్ల ఏళ్ల తరబడి కూర్చునే చేశాం. పదకొండు మందిమి కలిసి తూగితే టన్నుకు పదో పరకో తక్కువ. అందులో నా వాటా తొంభై ఒక్క కిలోలు.

ఒక సోమవారం పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దాని పేరు 'ఉద్యోగుల శారీరక భార హేతుబద్ధీకరణ పథకం'. ఆరు నెలల్లో ప్రతి ఉద్యోగీ అయిదు కిలోలు తగ్గాలి. తగ్గనివాళ్లను ఏటి అవతల ఉన్న పాత ఫారాల గోదాముకు బదిలీ చేస్తారు. అక్కడ చెదపురుగులు తప్ప ఎవరూ ఏమీ తినరు.

ఇంటికెళ్లి ఆ ఉత్తర్వు మా ఆవిడ హైమకు చూపించాను. రెండు నిమిషాల్లో చదివేసి ఇచ్చేసింది.

"రాత్రిపూట మూడోసారి అన్నం కలపడం మానెయ్యండి. సాయంత్రం గట్టు మీద అరగంట నడవండి. పోద్ది" అంది.

"ఇది పథకం హైమా. అంత తేలిగ్గా ఉండదు" అన్నాను.

ఈలోగా వంటింట్లోంచి మంగత్తయ్య వచ్చింది. మా పెళ్లయిన కొత్తలో వారం రోజులుండి వెళ్దామని వచ్చిన మనిషి. పంతొమ్మిదేళ్లయింది. రెండు కళ్లకూ శుక్లాలు. గారె వేగిందో లేదో చప్పుడు విని చెబుతుంది. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెబుతుంది. నా కంచంలో ఖాళీ ఉందో లేదో మాత్రం చూపుడువేలితో తడిమి చూస్తుంది. ఖాళీ తగిలిందా, నింపేస్తుంది. తను మాత్రం మధ్యాహ్నం పిడికెడు మజ్జిగన్నం తిని, 'హమ్మయ్య, ఎక్కువైపోయింది' అంటుంది.

"ఒరేయ్ విస్సూ, పిచ్చిక తిన్నట్టు ఏంట్రా ఆ తినడం" అంటూ రెండు గారెలు వేసింది. "ఇంకో రెండేసుకో. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టాక తినకపోవడం మా ఇంటా వంటా లేదు.

మర్నాడు మా ఆఫీసరు త్రివిక్రమరావుగారు సమావేశం పెట్టారు. ఆయన నూట నాలుగు కిలోలు. టీ తెమ్మనాలన్నా 'ఇందుమూలముగా' అని మొదలుపెట్టే మనిషి.

"ఇందుమూలముగా అందరికీ తెలియజేయునది ఏమనగా," అన్నారు, "మీరు లావుగా ఉన్నారు. ఎందుకు తినుచున్నారో ప్రతి ఒక్కరూ సంజాయిషీ ఇచ్చుకోవలెను."

ముందుగా స్టోర్‌కీపరు సత్తిరాజు లేచాడు.

"నాకసలు తినాలనే ఉండదండి ఆయ్. ఒంటి గారె వెయ్యకూడదని మా వదిన రెండేసేద్దండి. రెండూ తిన్నాక మూడోది వేస్తే అది ఒంటిదైపోద్ది కదండి. అందుకని నాలుగండి. నాలుగు తిన్నాక అయిదోది..."

"అర్థమైనది. కూర్చొనుడు."

టైపిస్టు భ్రమరాంబ లేచింది. "మా ఆడపడుచు తిననివ్వకుండా వదలదండి."

"అనగా?"

"తినేదాకా వదలదండి."

నేను మంగత్తయ్య గారెల గురించి, ఒట్టు గురించి చెప్పాను. పదకొండు మందీ చెప్పాక ఆఫీసరుగారు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. వాళ్లావిడ జ్ఞాపకం వచ్చినట్టుంది.

మూడోనాడు నివేదిక పంపారు. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: 'కూలంకషముగా విచారించిన మీదట, ఈ కార్యాలయమునందు ఏ ఉద్యోగియు తనంతట తాను తినుటలేదనియు, ఎల్లరును తినిపింపబడుచున్నారనియు తేలినది. కావున తినిపించిన వారి కేలరీలను తిన్నవారిపై వేయుట సహజన్యాయమునకు విరుద్ధము.'

పైవాళ్లకు ఇది నచ్చింది. వాళ్లూ పెళ్లయినవాళ్లే కదా. పదిరోజుల్లో సవరణ ఉత్తర్వు వచ్చింది. బలవంతం మీద తిన్న కేలరీలు ఇకనుంచి బలవంతం చేసినవాళ్ల బరువులో కలుస్తాయి. అలా బలవంతం చేసినవాళ్లను 'ప్రేరకులు' అంటారు.

రెండు ఫారాలు మేమే అచ్చువేశాం. బలవంతం మీద తింటే 7-క. అందులో పదార్థం పేరు, ఎన్ని తిన్నారు, ప్రేరకుని పేరు, ఆరోగ్య కార్డు నంబరు, బలవంతం చేసిన మాటలు యథాతథంగా, ఒట్టు పెట్టారా, పెడితే ఎవరి మీద అని గళ్లుంటాయి. ఎవరూ తినమనకుండా తనంతట తానే తింటే 7-ఖ. అందులో ఒక్కటే గడి: 'నేనే తిన్నాను.' కింద సంతకం. 'క' ఉన్నాక 'ఖ' ఉండి తీరాలని మా శాఖలో నియమం కాబట్టి దాన్ని కూడా ఇరవై వేలు వేశాం. ఆ కట్టలు ఎవరూ విప్పలేదు. కిటికీ రెక్క కొట్టుకోకుండా ఒక కట్ట అడ్డం పెట్టాం.

ఎవరైనా మోసం చేస్తారేమోనని త్రివిక్రమరావుగారు తన స్వహస్తాలతో తొమ్మిదో నిబంధన రాశారు. 'ప్రేరణ లేకుండా తినగల శక్తి కలదని ఒక్కసారి ఋజువైనచో, సదరు ఉద్యోగి అంతకుముందు దాఖలు చేసిన 7-క లన్నియు రద్దగును.' సత్తిరాజు తలుపు చాటున ఒంటరిగా అరటిపండు తింటుండగా ఆయన చూడటం వల్ల పుట్టిన నిబంధన అది. పళ్లవాడు 'తీసుకోండి బాబూ' అన్నాడని ఇద్దరు సాక్షులను తెచ్చి సత్తిరాజు బయటపడ్డాడు.

పథకం ఊపందుకుంది. పొద్దున్న మంగత్తయ్య వేసిన పెసరట్లు ఆవిడ మీద రాసేవాణ్ణి. ఆవిడ కట్టిచ్చిన కేరియరు ఆఫీసులో అందరికీ పంచేవాణ్ణి. 'మీవాళ్లందరికీ పెట్టరా' అని ఆవిడ అంటుంది కాబట్టి వాళ్లు తిన్నదీ ఆవిడ మీదే రాసేవాళ్లు. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు, పనసపొట్టు కూర, సున్నుండలు. సాయంత్రం హోటల్లో బజ్జీలు తిన్నా, 'ఆకలితో ఉండకు నాయనా' అని పొద్దున ఆవిడ అన్న మాట ఉండనే ఉంది. తిన్నది ఆవిడకు వెళ్లేది. అరిగింది మాత్రం నాకు జమయ్యేది.

సందేహాలకు పైనుంచి వివరణలు వచ్చేవి. హోటల్లో సర్వరు 'ఇంకేం కావాలండి' అంటే అది ప్రశ్న. 'దోసె వేడిగా ఉందండి' అంటే ప్రేరణ. పక్కింటివాళ్లు పులుసు పెడితే ఆ వాసనకు మనం అన్నం ఎక్కువ తింటే, గాలివాటం చూసి నిర్ణయించాలి.

మూడు నెలలయ్యేసరికి కాగితం మీద నేను అరవై మూడు కిలోలకు దిగాను. పంటలాము బొత్తాలు రెండు తెగిపోయాయి. భ్రమరాంబ ఇరవై రెండు కిలోలైంది. ఆఫీసరుగారు పదకొండు. 'మీ కార్యాలయమున అధికారి కుర్చీలో చంటిపిల్లవాడు కూర్చుని ఉన్నట్టు కనబడుచున్నది, వివరణ ఇవ్వవలెను' అని పైనుంచి ఉత్తరం వచ్చింది. వివరణ ఇచ్చాక, రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ తగ్గిన అధికారిగా ఆయనకు సన్మానం ఖాయమైంది. ఆ రోజు ఉత్సాహం పట్టలేక మంగత్తయ్య పంపిన కాజాలు పన్నెండు తిని 7-క రాశారు.

హైమ ఒక్కతే ఏ ఫారమూ నింపలేదు. రోజూ సాయంత్రం గట్టు మీద నడిచి వచ్చేది. "మీరు తింటే ఆవిడ ఎలా లావెక్కుద్దండీ" అని అడిగింది ఒకసారి. అది విధానపరమైన ప్రశ్న కాబట్టి నేను జవాబు చెప్పలేదు.

ఆ నెలలోనే మంగత్తయ్య గడప తట్టుకుని పడింది. దెబ్బ తగల్లేదు గానీ కళ్ల డాక్టరుకు చూపించాం. 'శుక్లం బాగా ముదిరిపోయింది. నెలాఖరు గురువారం ఆపరేషను చేసేస్తాను. అది దాటితే చూపు మీద ఆశ పెట్టుకోవద్దు' అన్నాడాయన.

ఆరోగ్య కార్డు పట్టుకుని ఆసుపత్రి కౌంటరుకు వెళ్లాం. గుమస్తా కార్డు నంబరు కొట్టి, తెర వంక చూసి, మా వంక చూశాడు.

"పేషెంటేరండి?"

"ఈవిడే."

"ఈవిడ కాదండి. రెండొందల పద్నాలుగు కిలోల పేషెంటు."

"ఆవిడే ఈవిడ."

అతను కుర్చీలోంచి లేచి, కౌంటరు మీంచి వంగి, మంగత్తయ్యను కిందినుంచి పైదాకా చూశాడు. చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు.

"మా బల్ల నూటయాభై దాకానే మోస్తదండి. ఆ పైన రాసి ఉంటే ఎక్కించకూడదు."

"మనిషి ముప్ఫై ఎనిమిది ఉంది కదండీ."

"మనిషి ఎంతుందో నాకు కనపడతానే ఉందండి. కార్డులో ఎంతుందో కూడా చూడాలి కదండీ."

ఇంతలో బరువైన పేషెంటు వచ్చిందని కంప్యూటరు దానంతట అదే కబురు పంపడంతో నలుగురు మనుషులు పెద్ద స్ట్రెచరు తోసుకుంటూ వచ్చారు. ఎవరిని ఎత్తాలో తెలీక నన్ను పట్టుకున్నారు.

"వాణ్ణొదిలెయ్యండి బాబూ. ఎంత దూరం తోసుకొచ్చారో, ఏమన్నా తిన్నారో లేదో" అని మంగత్తయ్య సంచీలోంచి సున్నుండలు తీసి తలో రెండూ పెట్టింది. "తినాలి. నా మీద ఒట్టు."

వాళ్లూ పథకంలో ఉన్నవాళ్లే. తిని, జేబుల్లోంచి 7-క లు తీశారు. మేం కౌంటరు దాటేలోపు ఆవిడ మరో పావుకిలో పెరిగింది.

బరువు తగ్గించుకునే దారి కూడా పథకంలోనే ఉందని గుమస్తా చెప్పాడు. ఆసుపత్రి ఆహార నిపుణురాలి దగ్గరకు పంపించాడు. ఆవిడ కార్డు చూసి, లెక్క వేసి, రోజూ తినేదాంట్లో పన్నెండు వందల కేలరీలు తగ్గించమంది.

"ఈవిడ తినేదే ఏడొందలండి" అన్నాను.

ఆవిడ మళ్లీ లెక్క వేసింది. "అయితే మైనస్ అయిదొందలు తినాలండి" అని చీటీ మీద రాసిచ్చింది. "ముఖ్యంగా, ఎవరినీ తినమని అనొద్దండి. నోరు కట్టుకోవాలి."

దారిలో రిక్షాలో మంగత్తయ్య ఆ చీటీ మడిచి సంచీలో పెట్టుకుంది. తర్వాత అంది, "ఒరేయ్ విస్సూ, నాకు చూపు రాకపోయినా పర్లేదు గానీ, ఎవరినీ తినమనకుండా ఎలా ఉంటార్రా మనుషులు?"

సరాసరి ఆఫీసరుగారి దగ్గరకు వెళ్లాను.

"మీ అత్తగారికి ఈ బలవంతపెట్టుట ఎవరు నేర్పిరి?" అని అడిగారు.

"వాళ్లమ్మ, అంటే మా నాయనమ్మండి."

"అయినచో ఈ బరువంతయు ఆమె మీదికి బదిలీ చేయవచ్చును."

"ఆవిడ పోయి నలభై ఏళ్లయిందండి."

"మృతులపై కేలరీలు వేయుటకు పైనుంచి అనుమతి రావలెను. ఎనిమిది నెలలు పట్టును."

గురువారానికి తొమ్మిది రోజులుంది. నేను కిటికీ దగ్గరకు వెళ్లి, రెక్కకు అడ్డం పెట్టిన కట్ట విప్పి, ఒక 7-ఖ తీశాను. రెక్క కొట్టుకోవడం మొదలుపెట్టింది. అందరూ తలెత్తి చూశారు.

"వద్దండి విశ్వపతిగారూ," అన్నాడు సత్తిరాజు. "తొమ్మిదో నిబంధన ఉందండి. ఒక్కటి ఒప్పుకుంటే అన్నీ ఎగిరిపోతాయండి. గోదాముకి పోతారండి."

ఏది ఒప్పుకుందామా అని ఆలోచించాను. మొన్న ఆదివారం గారెలు గుర్తొచ్చాయి. ఆరు తిన్నాక మంగత్తయ్య 'చాలా నాయనా' అంది. చాలని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఆవిడ వేలు తడుముకుంటూ వచ్చేలోగా, కంచంలో ఉన్న ఒక గారెను చప్పుడు కాకుండా పక్కకు జరిపి ఖాళీ చేసింది నేను. ఆ వేలు ఖాళీని పట్టుకుంది. మరో రెండు వచ్చాయి. 7-క లో ఈ సంగతికి గడి లేదు.

'గారెలు రెండు. నేనే తిన్నాను' అని రాసి సంతకం పెట్టాను.

నా 7-క లన్నీ రద్దయ్యాయి. మంగత్తయ్య మీంచి అరవై కిలోలు దిగి నా మీదికొచ్చాయి. కాగితం మీద నేను నూట ఇరవై మూడు. ఆవిడ నూట యాభై నాలుగు. బల్లకు ఇంకా నాలుగు కిలోలు ఎక్కువ.

ఒక్కొక్కరినీ బతిమాలాను. "మీ అత్తయ్యగారంటే ప్రాణమండి. కానీ గోదాములో పాములుంటాయండి" అంది భ్రమరాంబ. సత్తిరాజు రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆఫీసరుగారికి ఆ గురువారం దాటిన శనివారమే సన్మానం.

మంగళవారం మంగత్తయ్య తనే ఆఫీసుకు వస్తానంది. "ఇన్నాళ్లూ నా చేతి వంట తిన్నారు. దణ్ణం పెట్టి అడుగుతాను. వట్టి చేతుల్తో ఎలా వెళ్తాంరా" అని సున్నుండల డబ్బా తీసుకుంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆఫీసరుగారి గదిలో కూర్చోబెట్టాను. తక్కినవాళ్లు గుమ్మంలో మూగారు.

ఆవిడ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడే చుట్టిన ఉండలు. నెయ్యి వాసన గదంతా నిండి ఫైళ్లలోకి కూడా పోయింది. ఆఫీసరుగారు కుడిచేతిలోకి 7-క తీసుకుని, ఎదురుచూశారు.

మంగత్తయ్య ఏమీ అనలేదు.

గోడ గడియారం వినిపించింది. ఆఫీసరుగారు గుటక వేశారు.

"ఏమండీ," అన్నారు కాసేపటికి. "ఏదో ఒక మాట అనవలెను."

"ఏమనాలండీ?"

"తినమని."

"అనొద్దన్నారండి ఆసుపత్రివాళ్లు. నోరు కట్టుకోమన్నారు."

"పోనీ ఒట్టు పెట్టుడు. చిన్నది."

"నూట యాభై నాలుగు మీద ఉన్నానండి. ఎలా పెట్టనండీ."

ఆయన ఫైలు తెరిచారు. మూశారు. డబ్బాను ఫైలుతో కొంచెం అవతలికి జరిపారు. అది ఇవతలికి ఎలా వచ్చిందో మేం చూడలేదు. తలుపు మూసుకుందామా అని గుమ్మం వంక చూశారు గానీ గుమ్మంలో మేమున్నాం. ఆయన చెంపల మీంచి చెమట కారింది. మంగత్తయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ మసక కళ్లతో ఎటో చూస్తూ కూర్చుంది. పంతొమ్మిదేళ్లలో ఎదుటి మనిషిని తినమనకుండా ఆవిడ అంతసేపు కూర్చోవడం నేను చూడలేదు.

పన్నెండో నిమిషంలో ఆఫీసరుగారి చెయ్యి డబ్బాలోకి వెళ్లింది. ఒకటి తిన్నారు. ఒంటిది తినకూడదు కాబట్టి రెండోది కూడా తిన్నారు.

"తొమ్మిదో నిబంధనండి," అన్నాడు సత్తిరాజు గుమ్మంలోంచి, మెల్లగా. అరటిపండు మర్చిపోలేదు వాడు.

నేను 7-ఖ బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు దాని వంక చూశారు. సొంతంగా రాసిన నిబంధన. కాదనడానికి మనసొప్పలేదు. 'ఇందుమూలముగా నేనే తింటిని' అని రాసి సంతకం చేశారు.

ఆయన తిన్న ఇరవై మూడు కిలోలు ఆ సాయంత్రానికి మంగత్తయ్య మీంచి దిగిపోయాయి. గురువారం నాడు ఆవిడను బల్ల ఎక్కించడానికి ఒక నర్సు సరిపోయింది.

ఆఫీసరుగారి సన్మానం రద్దయింది. నాతోపాటు ఆయన కూడా గోదాముకు బదిలీ కావలసి వచ్చింది. దాంతో ఆయన గోదామును స్వయంగా పరిశీలించి, 'సదరు గోదాము మనుష్యులకు పనికిరాదు' అని నివేదిక పంపారు. బదిలీలన్నీ ఆగిపోయాయి. పథకం మాత్రం ఆగలేదు. ఏ పథకమూ ఆగదు.

నాకు 7-క రాసే హక్కు పోయింది కాబట్టి అన్నీ 7-ఖ లోనే రాయవలసి వచ్చింది. పొద్దున 'నేనే తిన్నాను'. మధ్యాహ్నం 'నేనే తిన్నాను'. బజ్జీల దగ్గర నిలబడి ఆ సంతకం గుర్తొచ్చి సగం సార్లు వెనక్కి వచ్చేశాను. రాత్రి మూడోసారి కలపడం దానంతట అదే పోయింది. సాయంత్రాలు హైమతో గట్టు మీద నడుస్తున్నాను. ముందు నడిచేది ఆవిడే. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను, కాగితం మీద కాదు. పథకం ప్రకారం తగ్గలేదు కాబట్టి శాఖ గుర్తించలేదు.

రెండో కంటికి కూడా ఆపరేషను అయి, కట్టు విప్పి, కళ్లద్దాలు పెట్టాక మంగత్తయ్య నన్ను పట్టి పట్టి చూసింది.

"ఎలా చిక్కిపోయావురా" అంది. తిన్నగా వంటింట్లోకి వెళ్లి రెండు సున్నుండలు తెచ్చింది. "తిను. నా మీద రాసుకో."

"నాకా హక్కు లేదత్తయ్యా. రెండంటే ఎక్కువ."

"ఒంటిది పెట్టకూడదురా."

"అయితే ఒకటి నువ్వు తిను."

"నేనా? నాకెందుకురా?"

"తినాలి. నా మీద ఒట్టు."

ఆవిడ నా వంక వింతగా చూసింది. తర్వాత గడప మీద కూర్చుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటూ, సున్నుండ మొత్తం తినేసింది. నేను నాది తిని, 7-ఖ నింపాను. సంతకం పెడుతుంటే భుజం మీంచి తొంగి చూసింది. ఇప్పుడు అక్షరాలు కూడా కనపడుతున్నాయి.

"నీది రాసుకున్నావు సరే," అంది చెయ్యి తుడుచుకుంటూ, "నాది ఎవరి మీద రాస్తార్రా?"

లోపలికెళ్లి 7-క ఒకటి తెచ్చాను. ప్రేరకుని పేరు: కొల్లూరి విశ్వపతి. ఒట్టు: పెట్టాడు.